ఇంగ్లీషాయన టీ, నా సూది

సౌదీకి కొత్తగా వెళ్తున్న నర్సు పిల్లలు పాలకొల్లులో మా ఇంటికొచ్చి నన్ను అడిగేవి మూడే ప్రశ్నలు. క్వార్టర్స్‌లో ఒక గదికి ఎంతమందిని పెడతారు, ఒళ్ళంతా కప్పే ఆ నల్ల అబాయా ఇక్కడ కొనుక్కోవాలా అక్కడ కొనుక్కోవాలా, మొదటి సెలవు ఎప్పుడిస్తారు. రోగుల గురించి అడిగిన పిల్లని ఇంతవరకూ చూడలేదు. వెళ్ళేటప్పుడు నేనూ అడగలేదు లెండి, వాళ్ళననడానికి నాకేం మొహం ఉంది.

పంతొమ్మిదేళ్ళు అక్కడే తబూక్ అనే ఊళ్ళో నర్సుగా చేశాను. ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో, ఏ సర్టిఫికెట్లు గోడకెక్కాయో ఇక్కడ రాయను. వాటిని చూస్తే మా ఆడపడుచుకి తప్ప ఎవరికీ కళ్ళు కుట్టలేదు. నేను రాయదలచుకున్నది ఒక్క మాట గురించి. రెండక్షరాలు కూడా లేని మాట. టీ.

తలూపడం ఎలా నేర్చుకున్నాను

మా ఆసుపత్రికి అరబ్బులతో పాటు ఇంగ్లీషువాళ్ళు కూడా వచ్చేవారు. అక్కడి మిలిటరీ స్థావరంలో కుర్రాళ్ళకి ఏవేవో నేర్పడానికి వచ్చిన మాస్టర్లు. ఇంగ్లీషు మీడియంలో జీఎన్ఎం నర్సింగ్ చదివాను కదా, ఇంగ్లీషువాళ్ళతో నాకేం బాధ అనుకుని వెళ్ళాను. మనం చదివిన ఇంగ్లీషు వేరు, వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు వేరని చేరిన నెలలోనే తెలిసింది.

ఒక పెద్దాయన మంచం మీద మూలుగుతూ, తనకి చాలా 'పూర్లీ'గా ఉందన్నాడు. పాపం బీదవాడు కాబోలు, బిల్లు గురించి బెంగ పడుతున్నాడు అనుకున్నాను. ఏం ఫర్వాలేదండీ, ఇన్సూరెన్స్ వాళ్ళే కట్టేస్తారు అని ధైర్యం చెప్పాను. ఒంట్లో బాగాలేదనడానికి వాళ్ళ ఊళ్ళో ఆ మాట వాడతారట. మా నర్సింగ్ డైరెక్టర్ హిల్డా గారు ఈ సంగతి స్టాఫ్ రూములో చెప్పి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఫిలిప్పీన్స్ పిల్లలు నవ్వారు. కేరళ పిల్లలు మరీ ఎక్కువ నవ్వారు, వాళ్ళకీ ఆ మాట తెలియదని నాకు గట్టి అనుమానం.

అప్పటి నుంచీ ఏ మాట అర్థం కాకపోయినా "యెస్ మేడమ్" అని తలూపడం అలవాటు చేసుకున్నాను. తలూపేదానికి తెలివైనదని పేరొస్తుంది, అడిగేదానికి మొద్దని పేరొస్తుంది. ఇది అన్ని ఆసుపత్రుల్లోనూ ఉన్న పద్ధతే. ఈ పద్ధతి మీద నేను పదకొండేళ్ళు హాయిగా నెట్టుకొచ్చాను.

హిల్డా గారి గురించి ఒక ముక్క చెప్పాలి. చెడ్డది కాదు. ఉత్తర ఇంగ్లండులో బట్టల మిల్లుల ఊరి నుంచి వచ్చింది, గట్టి పనిమంతురాలు. కాకపోతే తాను మాట్లాడే ఇంగ్లీషు లోకంలో అందరికీ పుట్టుకతో వస్తుందని ఆవిడ నమ్మకం. ఎవరి పిచ్చి వారికానందం.

పెద్దింటి టీ

వాల్టర్ గారు మా వార్డులో చేరింది కాలి పుండుతో. అరవై రెండేళ్ళ షుగర్ రోగి. స్థావరంలో కుర్రాళ్ళకి ఇంగ్లీషు చెప్పే మాస్టారు, బ్రహ్మచారి. ఐదు వారాలు ఉన్నాడు. ఆయన మంచం పక్క బల్ల మీద మందులకంటే టీ సరంజామా ఎక్కువ. పాలు ముందు పోయాలా, డికాక్షన్ ముందు పోయాలా అన్న విషయం మీద నాతో పావుగంట మాట్లాడిన మనిషి. నేను మనింటి పద్ధతిలో పాలూ నీళ్ళూ ఆకూ అన్నీ కలిపి మరగకాస్తాం అని చెప్తే, దగ్గరి బంధువు పోయినట్టు మొహం పెట్టాడు.

డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండాలని ఆయన చేత కబుర్లు చెప్పించేదాన్ని. మాస్టారు కదా, ఒకసారి మొదలెడితే బెల్లు కొట్టేదాకా ఆగడు. ఇంగ్లీషువాళ్ళకి టీ ఎలా వచ్చిందో నాకు చెప్పింది ఆయనే.

మొదట్లో దాన్ని మందుల కొట్లో అమ్మేవారట, తలనొప్పికీ అజీర్తికీ. తర్వాత పోర్చుగల్ నుంచి కోడలిగా వచ్చిన ఒక రాణి తాగేదట. రాణి తాగితే దొరసానులు తాగకుండా ఉంటారా? ఆకు చైనా నుంచి రావాలి, ఖరీదు మండిపోయేది, అందుకని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంటావిడ బొడ్లో దోపుకునేది. పనివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, దొరలు తాగి పారేసిన ఆకు ఎండబెట్టి మళ్ళీ అమ్ముకునేవారట. తర్వాతెప్పుడో ఒక దొరసానికి రాత్రి భోజనం ఆలస్యమై సాయంత్రం కడుపులో ఎలకలు పరిగెత్తాయి. టీ, రొట్టెముక్కలు గదికి తెప్పించుకుంది, తోడుకి స్నేహితురాళ్ళని పిలిచింది. అదే నాలుగింటి టీ అయింది. పెద్దింటావిడకి ఆకలేస్తే అది సంప్రదాయమవుతుంది. మనకి ఆకలేస్తే మాత్రం "ఇప్పుడే కదే తిన్నావు" అంటారు.

మరి ఆకంతా మా దేశానిదీ చైనాదీ కదండీ, మీదేముంది ఇందులో అని అడిగాను. కాస్త ఆలోచించి, కప్పు కింద సాసరు అన్నాడు. నవ్వాను. ఆయన మీద నాకు అభిమానం కలిగింది ఆ రోజే. మంచి మనిషి, దాపరికం లేని మనిషి.

ఆ కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన చెప్పింది పెద్దింటి టీ మాత్రమేనని, అసలు టీ ఇంకోటుందని నాకు తర్వాత తెలిసింది. తెలిసేసరికి ఆయన ప్రాణం మీదికి వచ్చింది.

రంజాన్ మొదటి రోజు

వాల్టర్ గారికి సాయంత్రం భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. రోజూ ఐదింటికి సూది వేసేదాన్ని, ఐదున్నరకల్లా మస్తాన్ ట్రే తెచ్చేవాడు. మస్తాన్ అంటే కిచెన్ నుంచి ట్రాలీ మీద రోగుల భోజనాలు తెచ్చే మనిషి. ప్రొద్దుటూరు వాడు, నలభై దాటిన వాడు. కిచెన్ కాంట్రాక్టరే అతని కఫీల్, అంటే అతని పాస్‌పోర్టుకీ బతుక్కీ జవాబుదారు. ఆ వార్డులో నాతో తెలుగు మాట్లాడేవాడు అతనొక్కడే. కూతురు కడపలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఏ స్పెషాలిటీ తీసుకోవాలి, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చెయ్యి వణికితే ఏం చేయాలి అని ఆ పిల్ల ప్రశ్నలన్నీ ట్రాలీ మీద మోసుకొచ్చి నన్ను అడిగేవాడు. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటే బిడ్డ చదువు గట్టెక్కుతుందని అతని లెక్క. అంతకు మించి ఏ కోరికా ఉన్నట్టు నేను వినలేదు.

రంజాన్ మొదలైన రోజు పొద్దున్నే హిల్డా గారు రౌండ్స్‌కి వచ్చింది. ఆ నెల అన్ని డ్యూటీ వేళలూ మారతాయి, ఆవిడ హడావిడిలో ఉంది. వాల్టర్ గారి చార్టు చూసి, ఇవాళ్టి నుంచి ఈయన ఇన్సులిన్ ఐదింటికి కాదు, ఆయన టీతో పాటు ఇవ్వు అని చెప్పి వెళ్ళిపోయింది.

ఐదింటికి కాదు, టీతో పాటు. తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయన టీ తాగేది ఐదింటికే కదా. అడుగుదామని నోటిదాకా వచ్చింది. పూర్లీ గుర్తొచ్చింది. యెస్ మేడమ్ అన్నాను.

సాయంత్రం ఐదింటికి ఆయన దగ్గరికెళ్ళి, టీ అయిందా సార్ అని అడిగాను. ఇంకా లేదు అన్నాడు. బయట అందరూ ఉపవాసాలతో ఉన్నారని కర్టెన్ మర్యాదగా దగ్గరకి లాగి, చక్కెర లేకుండా కప్పు నిండా టీ కలిపిచ్చాను. ఆయన వాళ్ళ ఊరి అలవాటుగా థాంక్యూ లవ్ అని తాగాడు. సూది వేశాను. చార్టులో 'విత్ టీ' అని రాసి అందంగా సంతకం చేశాను.

ఐదున్నరైంది, ట్రే రాలేదు. ఆరైంది. ఫోన్ చేద్దామనుకునేలోపే పక్క గదిలో ముసలావిడ సెలైన్ పీకేసుకుంది, నేను అటు పరిగెత్తాను. పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ అయ్యాక తిరిగొచ్చి కర్టెన్ తీస్తే, వాల్టర్ గారు చెమటలో తడిసి ముద్దయి, నన్ను చూసి "అమ్మా" అంటున్నాడు. వాళ్ళమ్మ పోయి ముప్పై ఏళ్ళైందని ఆయనే చెప్పాడు నాకు. మెషీన్ పెట్టి చూస్తే షుగర్ అట్టడుక్కి పడిపోయింది. డాక్టర్ని కేకేసి, గ్లూకోజ్ ఎక్కించి, పెదాలకి తేనె రాసి, ప్రభువా ప్రభువా అనుకుంటూ అరగంట నిలబడ్డాను. మనిషి వెనక్కొచ్చాడు. కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, నా టీ ఇంకా రాలేదా అని.

తాగారు కదండీ, ఐదింటికి నేనే ఇచ్చాను కదా అన్నాను. ఆయన నావైపు చూసి నెమ్మదిగా చెప్పాడు. అది కప్పు టీ. నేనడిగేది నా టీ, నా భోజనం.

అప్పుడే మస్తాన్ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. సరిగ్గా ఏడు.

మిల్లువాళ్ళ టీ

మర్నాడు ఆయన మిగతా కథ చెప్పాడు. నన్ను తిట్టలేదు, అదే నాకు బాధ.

దొరసానుల చెక్కపెట్టెల్లోంచి టీ చివరికి మిల్లు కూలీల ఇళ్ళకి చేరిందట. పంచదార చౌకైంది. దాన్ని ఎక్కడెక్కడో బానిసలు పండించారు, అందుకని చౌక. వేడినీళ్ళు, ఆకు, పంచదార. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడి వచ్చిన మనిషికి అది కడుపు నింపినట్టే ఉంటుంది. పక్కన రొట్టె, ఉంటే ఒక ముక్క చల్లటి మాంసం. ఇంటికొచ్చి తినే ఆ సాయంత్రపు భోజనానికి టీ అనే పేరు పడిపోయింది. ఇప్పటికీ ఉత్తరాన వాళ్ళ ఊళ్ళలో 'టీ అయిందా' అంటే భోంచేశావా అని అర్థం. ఆయనదీ హిల్డా గారిదీ ఇరవై మైళ్ళ దూరంలో ఊళ్ళు.

"మా ఇంట్లో ఏమీ లేని రోజు కూడా అమ్మ టీకి రండి అనే పిలిచేది," అన్నాడు వాల్టర్ గారు. "ఉత్త టీయే పోసేది. టీకి పిలిచింది, టీయే ఇచ్చింది. ఆకలేస్తోందని మేం అనడానికి ఆవిడ సందు ఇవ్వలేదు."

నేను డ్రెస్సింగ్ కట్టడం ఆపి కూర్చుండిపోయాను. వాళ్ళమ్మ పిల్లల్ని టీతో మభ్యపెట్టింది ప్రేమ కొద్దీ. ఆమె కొడుక్కి నేను ఉత్త టీ పోసి సూది వేసింది అడగడానికి సిగ్గుపడి. సిగ్గు అని ఇప్పుడు రాస్తున్నాను గానీ అది గర్వం.

కమిటీ

ఏ ఆసుపత్రిలోనైనా రోగి బతికాడా అన్న ప్రశ్నకి తర్వాత వచ్చే ప్రశ్న, ఎవరి మీద రాయాలి. రెండు రోజుల్లో కమిటీ కూర్చుంది. పెద్ద డాక్టర్ ఫహద్, పక్కన ఫార్మసీ నుంచి ఈజిప్టు ఆయన, క్వాలిటీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒకాయన, హిల్డా గారు, నేను. ఆ ఆసుపత్రిలో టీ లేకుండా జరిగిన మీటింగ్ నాకు తెలిసి అదొక్కటే, ఎందుకంటే రంజాన్ పగలు. చర్చ మాత్రం టీ గురించే. అందరి నాలుకలూ పీక్కుపోతున్నాయి.

టీ అంటే ఇంగ్లండులో చిన్నపిల్లకి కూడా తెలుసంది హిల్డా గారు. మనం ఇంగ్లండులో లేమే అన్నాడు డాక్టర్ ఫహద్ మర్యాదగా. ఈజిప్టు ఆయన, పుదీనా వేసిన టీయా వేయనిదా అని అడిగాడు. అది ఈ కేసుకి ఎలా పనికొస్తుందో ఇప్పటికీ నాకు తెలీదు, బహుశా ఆయనకి గొంతు ఎండుకుపోయి ఉంటుంది. క్వాలిటీ ఆయన లేచి బోర్డు మీద మూడు గళ్ళు గీశాడు. టీ అనేది వేళా, పానీయమా, ఆహారమా? నలభై నిమిషాలు వాదించి మూడింట్లోనూ టిక్కు పెట్టారు.

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. తప్పు ఎవరో ఒకరిది కావాలి. క్వాలిటీ ఆయన కాగితాలు తిరగేసి, రోజూ ఐదున్నరకి వచ్చే ట్రే ఆ రోజు ఏడింటికి వచ్చింది, అందుకే రోగికి ప్రమాదం జరిగింది అన్నాడు. గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. కిచెన్ కాంట్రాక్టరుది, ఆ కాంట్రాక్టరు తరఫున మాట్లాడే మనిషి అక్కడ లేడు.

డాక్టర్ ఫహద్ నావైపు తిరిగాడు. "సిస్టర్ రూత్, ట్రే ఆలస్యమైందా?"

ఆలస్యమైంది. అది నిజమే. నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితం ఆ వారమే హిల్డా గారి బల్ల మీద ఉంది, అదీ నిజమే.

"యెస్ డాక్టర్," అన్నాను.

పిల్లలూ, అబద్ధం చెప్పాలంటే అబద్ధమే ఆడనక్కర్లేదు. నిజంలో కావలసినంత ముక్క కోసి ఇస్తే చాలు.

మస్తాన్ తెచ్చిన కాగితం

ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక మస్తాన్ మా వార్డు మెట్ల దగ్గర కనిపించాడు. అప్పటికే కాంట్రాక్టరు అతన్ని పిలిచి, నీ మీద కంప్లైంట్ వచ్చింది, ఫైనల్ ఎగ్జిట్ కొట్టిస్తా, ఇంటికి పోదువుగాని అన్నాడట. మస్తాన్ గొడవ చేయలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

అది రంజాన్‌కి వారం ముందు కిచెన్ వాళ్ళు ప్రతి వార్డుకీ పంపిన నోటీసు. ఉపవాసం లేని రోగుల సాయంత్రం ట్రేలు ఈ నెలంతా ఏడింటికి వస్తాయి. నర్సులు మందుల వేళలు ఆ ప్రకారం మార్చుకోవాలి. అనుమానం ఉంటే కిచెన్‌కి ఫోన్ చేయాలి. చదివి సంతకం చేయాలి. కింద మా వార్డు తరఫున సంతకం నాది. మస్తానే తెచ్చి ఇచ్చాడు ఆ రోజు, నేను ఫోన్లో మాట్లాడుతూ చదవకుండా గీకేశాను. హిల్డా గారు ఐదింటికి కాదని ఎందుకు చెప్పిందో అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. ఆవిడ నోటీసు చదివింది, చదివి కూడా కమిటీలో ఆ మాట ఎత్తలేదు.

"ఈ కాయితం వాళ్ళకు సూపిస్తే నీ ఉద్యోగం పోతాదేమో. సూపకపోతే నాది పోతాది," అన్నాడు మస్తాన్. "ఏం జేయాల్నో నువ్వే చెప్పక్కా. పాపకు ఇంగా రెండేండ్ల సదువుండాది."

అతను ఆ కాగితం తిన్నగా కమిటీకి ఇచ్చుకోవచ్చు. నా దగ్గరికి తెచ్చాడు. నేను చూసుకుంటాలే మస్తాన్, నువ్వు కంగారు పడకు అన్నాను. నమ్మి వెళ్ళిపోయాడు.

చూసుకున్నాను. రెండు రోజులు యూనిఫామ్ జేబులో పెట్టుకుని చూసుకున్నాను. రెన్యువల్ సంతకం అయ్యాక ఇద్దామనుకున్నాను ఒకసారి. ప్రార్థన చేసుకుని ఇద్దామనుకున్నాను ఇంకోసారి, ప్రార్థన మధ్యలో ఆపేశాను, ఏమని అడగాలో తోచక. మూడో రోజు వాల్టర్ గారి ట్రే ఎవరో కొత్త మనిషి తెచ్చాడు. నేపాలీ. మస్తాన్ ఏడని అడిగితే తెలియదన్నాడు.

అప్పుడు పరిగెత్తాను డాక్టర్ ఫహద్ దగ్గరికి. కాగితం ఇచ్చి, టీ అంటే భోజనమని నాకు తెలీదని, అడగడానికి సిగ్గుపడ్డానని, నోటీసు చదవకుండా సంతకం పెట్టానని అంతా చెప్పేశాను. ఆయన చదివి, కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు. పొద్దున్నే జెడ్డా పంపించేశాను, ఈపాటికి విమానం ఎక్కి ఉంటాడు, కొత్త మనిషి వచ్చాడు కదా, మీకు భోజనాలు అందుతున్నాయి కదా అన్నాడట కాంట్రాక్టరు.

నాకేమైందో కూడా చెప్పాలి. ఒక వార్నింగ్ లెటరు. ఒకరోజు కమ్యూనికేషన్ వర్క్‌షాప్, చెప్పింది హిల్డా గారే. మేడమ్, మీరు భోజనం అని ఉంటే సరిపోయేది అన్నాను. నువ్వు అడిగి ఉంటే సరిపోయేది అంది. ఇద్దరివీ నిజాలే. ఆసుపత్రి కాగితాల్లో టీ అన్న మాట నిషేధిస్తూ సర్క్యులర్ వచ్చింది. అందువల్ల వర్క్‌షాప్ మధ్యలో మాకు ఇచ్చిన దాన్ని బెవరేజ్ ఇంటర్వెల్ అన్నారు. నా కాంట్రాక్టు రెన్యువల్ అయింది, ఇంకో ఎనిమిదేళ్ళు చేశాను. ఉద్యోగం పోతుందని వణికిన మనిషికి పోయింది ఏమీ లేదు.

పెద్ద జాగ్రత్తలేమీ చెప్పలేను. షుగర్ పడిపోతే గ్లూకోజ్ ఉంది, ఎక్కించవచ్చు. మందిచ్చే ముందు అర్థం కాని మాట ఉంటే పదిమంది నవ్వినా సరే అడగండి. తప్పు చేస్తే ఆ పూటే చెప్పండి, మర్నాటికి దానికి కాళ్ళొస్తాయి, ఇంకొకరి ఇంటికి వెళ్ళి కూర్చుంటుంది.

మస్తాన్ నంబరు సంపాదించడానికి నాకు నెల పట్టింది. ఫోన్ ఎత్తి, బాగుండావా అక్కా, ఆ ఇంగ్లీషాయన నడుస్తాండాడా అని ముందు ఆయన సంగతే అడిగాడు. నడుస్తున్నాడని చెప్పాను. ప్రొద్దుటూరులో ఒక హోటల్లో వంటకి కుదిరాడట. పాప ఈ ఏడు కాలేజీకి పోవడం లేదు, వచ్చే ఏడు చూద్దామన్నాడు, మామూలుగానే అన్నాడు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. కాగితం ఇచ్చాను మస్తాన్, నిజంగా ఇచ్చాను, కాకపోతే రెండు రోజులు ఆలస్యమైంది అన్నాను.

 మస్తాన్ చాలా మెల్లగా అడిగాడు.

"ఆ రెండు దినాలు ఆ కాయితం సదువుతా ఉంటివా అక్కా?"

అందులో ఉన్నవి నాలుగే లైన్లు.